ఒక బ్యాటరీ, రెండు ఫోన్లు

పోయిన వారం మీరు నన్ను వదిలేసిన చోటే ఉన్నాను. అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్ల కింద, హ్యాండ్‌బ్యాగు గుండెలకి హత్తుకుని. చూసినవాళ్ళు బ్యాగులో నగలున్నాయనుకోవాలి. ఉన్నది నా పాత ఫోను. పొద్దున లేచేసరికి దాని పొట్ట ఉబ్బిపోయి, ఒక పక్క అద్దం పైకి లేచి, ఓరగా తెరిచిన తలుపులా తయారైంది.

దాన్ని ఎరగనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఆ ఫోను నా అరచేతిలో ఇమిడిపోతుంది. కింద గుండ్రటి బటన్ ఉంటుంది, కళ్ళు మూసుకున్నా వేలు వెళ్ళి దాని మీదే ఆగుతుంది. ఒక చేత్తో పోపు కలుపుతూ రెండో చేతి బొటనవేలితో తెరంతా ఈ మూల నుంచి ఆ మూలకి తిరిగి రావచ్చు. గుప్పిట మూస్తే ఫోనున్నట్టే తెలియదు. మెట్రోలో పక్క సీటావిడ నాతోపాటు నా మెసేజీలు చదవలేదు. ఫోనుకి ఇంతకన్నా ఏం కావాలో నాకు తెలియదు.

మా ఇంట్లో మిగతా ఇద్దరికీ తెలుసు. మా ఆయన కామరాజు గారు ఎర్రమంజిల్‌లో ఓ ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటు. ఆయన చేతిలో అప్పడాల పీటంత ఫోను ఉంటుంది. సినిమా చూడొచ్చు, ఫైలు చదవొచ్చు, అవసరమైతే అప్పడం కూడా ఒత్తొచ్చు. మా అమ్మాయి సుమశ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పొద్దున్నే మెడలో కార్డు, భుజాన ల్యాప్‌టాప్, చేతిలో నేను చేసిన అల్లం పచ్చడి స్టీలు క్యారియర్‌తో బయల్దేరుతుంది. గ్యాస్ పొయ్యి మీట ఏ వైపు తిప్పాలో తెలియని పిల్ల గానీ, ఆఫీసులో అందరికీ నా పచ్చడంటే ప్రాణమని చెబుతుంది. కొన్నాళ్ళుగా క్యారియర్ సైజు పెరుగుతూ వస్తోంది. ఇంజినీర్లకి కూడా నాలుక ఉంటుంది కదా అని నేనూ గర్వంగా రుబ్బి పెడుతున్నాను.

ఈ ఇద్దరూ కలిసి నన్నొక్క మాట అడక్కుండా నాకో పెద్ద ఫోను కొన్నారు. అది ఫ్రిజ్ మీద పెట్టెలోంచి నన్ను చూస్తోంది. పాతది ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేయాలి. తీసుకెళ్ళే మనిషి ఇవాళ సాయంత్రమే వస్తాడు. దానికి వచ్చేదంటూ పెద్దగా ఏమీ లేదు, అయినా ఇవ్వాల్సిందేనట. "ఉబ్బినా పగిలినా తీసుకుంటారమ్మా. నువ్వు మాత్రం ఎక్కడా దాచెయ్యకు" అని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చి మరీ చెప్పింది సుమశ్రీ.

"చూశావా, అదే పోతానంటోంది. నువ్వే పోనివ్వడం లేదు" అన్నారు ఆయన, బూట్లు వేసుకుంటూ. ఉబ్బిన ఫోనుని చూసి అంత సంతోషించిన మనిషిని నేనెక్కడా చూడలేదు.

వాళ్ళిద్దరూ వెళ్ళాక వంట చేశాను. మాడింది. అటు తిరిగాను, ఇటు తిరిగాను. ఫ్రిజ్ మీద పెట్టె నన్నే చూస్తోంది. ఇక ఆగలేక చీర మార్చుకుని పంజగుట్టలో మెట్రో ఎక్కి, ఒక్క స్టేషన్‌కే దిగిపోయాను.

సాయంత్రంలోపు దీని ప్రాణం నిలబెట్టాలి. ఇంతే నా కథ.

*

అమీర్‌పేటలో వయసు చూసి ఎవరినీ వదలరు. నాలుగడుగులు వేసేలోపు చేతిలో ఓ గుప్పెడు కరపత్రాలు పెట్టారు. "ఆంటీ, డేటా సైన్స్. ఇవాళ డెమో క్లాస్, ఫ్రీ" అంది ఓ అమ్మాయి.

"నేను బీఎస్సీ స్టాటిస్టిక్స్ తల్లీ. మా రోజుల్లో దాన్ని లెక్కలనేవాళ్ళం" అన్నాను. ఆ అమ్మాయి పాపం నవ్వాలో వద్దో తెలియక ఇంకో కరపత్రం ఇచ్చింది.

మొదటి మొబైల్ షాపువాడు నా ఫోను చూసి పక్కవాణ్ణి పిలిచి చూపించాడు. ఆ పక్కవాడు దాన్ని తన ఫోనుతో ఫోటో తీసుకున్నాడు. రెండో షాపులో, "ఎందుకమ్మా గిది? మస్తు ఆఫర్లున్నయి, కొత్తది తీసుకోండ్రి" అని నా ఫోనుకి రెండింతలున్న ఒక పలకని నా ముందుకి తోశాడు. నేను దాన్ని ఒక చేత్తో పట్టుకుని బొటనవేలు చాపాను. సగం దాకా వెళ్ళి ఆగిపోయింది.

"రెండో చెయ్యి వాడాలమ్మా" అన్నాడు.

"రెండో చేతికి వేరే పనులున్నాయి బాబూ" అని బయటపడ్డాను.

మైత్రీవనం వెనక సందులో ఓ లేడీస్ హాస్టల్ మెట్ల కింద బీరువా వెడల్పున ఒక కొట్టు కనబడింది. లోపల ముప్ఫై ఏళ్ళ మనిషి కళ్ళకి భూతద్దం తగిలించుకుని ఏదో ఫోను పేగులు బయటికి తీస్తున్నాడు. పక్కన అతని సొంత ఫోను ఉంది. చిన్నది! నా ప్రాణం లేచొచ్చింది.

బ్యాగులోంచి రుమాలు తీసి, రుమాల్లోంచి ఫోను తీసి గాజుబల్ల మీద పెట్టాను.

"అయ్యో, ఒత్తకుండ్రి అమ్మా!" అని అతను రెండు చేతులతో అందుకున్నాడు. "గ్యాస్ పట్టింది లోపట. జర మెల్లగ." మూత విప్పి, ఉబ్బిన బ్యాటరీని పురిటి పాపని తీసినట్టు తీసి పక్కన పెట్టాడు. తర్వాత లోపలికి తొంగి చూసి ఈల వేశాడు. "ఫస్ట్ క్లాస్ ఉన్నదమ్మా. బోర్డు గిట్ల కొత్తదాని లెక్క ఉన్నది. గీ మోడల్ అంటే నాకు పానం. గిప్పటి ఫోన్లు ఏందమ్మా, బడి పలకల లెక్క! జేబుల పెడితే కూసోరాదు, కూసుంటే లేవరాదు."

తెలుగులో ఇంత మంచి మాటలు ఈమధ్య నేను వినలేదు. "అయితే బ్యాటరీ వేసెయ్యండి" అన్నాను.

అతను భూతద్దం తీసి తల గోక్కున్నాడు. "గదే ఫికర్. దీనికి అసలుది మార్కెట్ల ఆగిపోయింది. నా తాన ఆఖరుది ఒక్కటే ఉండె. మొన్ననే ఒక సారుకు ఏసిన. డూప్లికేట్ ఏయమంటే ఏస్తగని, నెలకే మళ్ల ఉబ్బుతది. మీకు అబద్ధం చెప్పి ఏసుడు నాతోని కాదు."

స్టూలు మీద కూర్చున్నాను. లేచాను. మళ్ళీ కూర్చున్నాను.

"ఆ సారు ఇస్తాడేమో అడగకూడదా?"

"ఎట్లిస్తడమ్మా! నాకు ఎరుకైన సారే, మస్తు మంచోడు. గాయనకు గా ఫోనంటే పిచ్చి. ఇంట్ల దాసిపెట్టుకొని వాడుతుండు పాపం. బయటికి చేతిల పెద్ద ఫోన్ పట్టుకొని తిరుగుతడు, లోపలి జేబుల గిది. 'మా ఇంట్లో తెలిస్తే పరువు పోతుంది' అంటడు." నవ్వుతూ సొరుగు లాగాడు. "స్పీకర్ల దుమ్ము పట్టిందని ఇడిసిపోయిండు. లంచ్‌ల వచ్చి తీసుకపోతడు. చూడుండ్రి, మీదానికి కవల."

నిజంగా కవలే. అదే తెలుపు, అదే గుండ్రటి బటన్. కవర్ కూడా నాదానిలాగే పారదర్శకం. అతను దాన్ని తిరగేసి నా ఫోను పక్కన పెట్టాడు.

మా ఇంట్లో కొత్త వస్తువేది కొన్నా ముందు దేవుడి ముందు పెట్టి, పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతాను. మిక్సీకైనా, స్కూటరుకైనా, ఫోనుకైనా. ఈ మోడల్ ఫోన్లు మేం జంటగా కొనుక్కున్నాం, మా పెళ్ళిరోజుకి. రెంటికీ నేనే వెనకవైపు బొట్టు పెట్టి, చెరిగిపోకుండా పైన కవర్ వేశాను. నాదాని మీద బొట్టు గుండ్రంగా కుదిరింది. ఆయనదాని మీద పెడుతుండగా ఆయన తుమ్మారు. నా వేలు జారి కుంకుమ తోకచుక్కలా సాగింది. మళ్ళీ పెడతానంటే, "ఇదే బాగుంది, వదిలెయ్" అన్నారు.

గాజుబల్ల మీద తోకచుక్క మెరుస్తోంది.

ఆ ఫోను ఎక్స్‌చేంజ్‌లో వెళ్ళిపోయి రెండేళ్ళయింది. వెళ్ళిపోయిందని ఆయనే చెప్పారు. సుమశ్రీ మొదటి జీతంతో అప్పడాల పీట కొనిపెట్టిన రోజున, "పాతది పీడా పోయింది" అని చేతులు దులుపుకుని మరీ చెప్పారు.

"ఏమైందమ్మా? నీళ్లు తాగుతరా?" అన్నాడతను.

"వద్దు బాబూ. మీ సారు వచ్చేదాకా కూర్చుంటాను. బ్యాటరీ గురించి నేనే అడుగుతాను."

*

నా వయసులో ఆడదానికి ఇలాంటప్పుడు ఏం ఆలోచించాలో అందరూ నేర్పే ఉంటారు. నేనూ ఆలోచించడానికి ప్రయత్నించాను. కామరాజు గారికి రెండో సంసారం ఉందా? ఉన్న సంసారానికే పాలపాకెట్ తెమ్మంటే పెరుగు తెస్తారు. రెండో ఇంటికి ఏం తెస్తారు? ఆ దారిలో నా ఊహ ఎంత తోసినా ముందుకి నడవలేదు.

కానీ నిలవలేకపోతున్నాను. మెట్ల మీద హాస్టల్ పిల్లలు చెప్పులు టపటపలాడించుకుంటూ దిగుతున్నారు. ఒక్కో జత చెప్పులకీ నేను తలెత్తి చూస్తున్నాను. బ్యాగు ఒళ్ళోంచి పక్కకి, పక్కనుంచి ఒళ్ళోకి మారుస్తున్నాను. రెండో సంసారం కాకపోతే మరి ఎవరితో మాట్లాడటానికి? రోజూ నా పక్కనే కూర్చుని నా ఫోనుని మ్యూజియం సరుకన్న మనిషి, అదే సరుకుని లోపలి జేబులో పెట్టుకుని ఎలా నవ్వాడు?

సందు మొదట్లో నల్ల గొడుగు కనబడింది. ఎండకీ వానకీ గొడుగేసుకునే సూపరింటెండెంటు హైదరాబాదులో ఆయనొక్కరే. చేతిలో అప్పడాల పీట. చొక్కా జేబు మీద కొబ్బరి చట్నీ మరక. నేను ఆ పొద్దున బాక్సులో పెట్టింది దొండకాయ వేపుడు. అది గమనించాను గానీ, ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉండటంతో పక్కన పెట్టాను.

"జగదీశ్, అయిందా నాయనా?" అంటూ గొడుగు మూసి లోపలికి వంగారు. వంగినవారు అలాగే ఉండిపోయారు.

"ఉదయా!"

ఆ పేరు వినగానే జగదీశ్ చేతిలోంచి స్క్రూడ్రైవర్ కిందపడింది.

"నువ్వేంటి ఇక్కడ?"

"ఫోను బాగుచేయించుకోవడానికొచ్చాను. మీరు?"

"నేనా? గ్లాసు... టెంపర్డ్ గ్లాసు వేయించుకుందామని."

"ఏ ఫోనుకి?"

పెద్ద ఫోను ముందుకి చాపారు. దాని గ్లాసు మీద గీతైనా లేదు. నేను గాజుబల్ల మీద తోకచుక్కని వేలితో మెల్లగా ఆయన వైపు జరిపాను.

"దీనికి కూడా వేయించండి. ఈ బొట్టు ఎవరు పెట్టారండీ?"

"నువ్వే."

"ఎక్స్‌చేంజ్‌లో వెళ్ళిపోయిన ఫోను నా బొట్టుతో సహా తిరిగొచ్చిందంటే, కంపెనీవాళ్ళకి ఎంత భక్తి!"

జగదీశ్ కిందపడ్డ స్క్రూడ్రైవర్‌ని వెతుకుతూ బల్ల కింద చాలాసేపు ఉండిపోయాడు. ఆయన గొడుగుని ఒక మూల నిలబెట్టారు. అది పడిపోయింది. మళ్ళీ నిలబెట్టారు.

"అరవకు ఉదయా. పైన హాస్టల్."

"నేనెక్కడ అరిచాను? చెప్పండి."

ఆయన ఉన్న ఒక్క అంగుళం చోటులో నా పక్కన చతికిలబడ్డారు. కుడి చెయ్యి చాపి చిటికెనవేలు చూపించారు. "చూడు. వంకర తిరిగింది. దీని మీదే కదా ఆ బరువంతా ఆనించాలి. పడుకుని చదివితే మొహాన పడుతుంది. మొన్న ముక్కు వాచింది గుర్తుందా? తలుపు తగిలిందని చెప్పాను. తలుపు కాదు. చొక్కా జేబులో పెడితే తల బయటికి పెట్టి చూస్తుంది, డైరెక్టర్ గారికి నమస్కారం పెట్టడానికి వంగితే ఆయన కాళ్ళ మీద పడింది. నేను పడ్డాననుకుని ఆయన ఆశీర్వదించారు."

నవ్వు రాబోయింది. పళ్ళు బిగించి ఆపాను. "మరి ఆ మాట ఇంట్లో చెప్పొచ్చుగా?"

"పిల్ల మొదటి జీతంతో కొన్నది. పెట్టె విప్పుతుంటే దాని మొహం చూశావు కదా. నాకు చిన్నదే హాయిగా ఉందే తల్లీ అని ఎలా చెప్పను? ఇంట్లో అది, బయట ఇది. ఇలా వెళ్ళిపోతోంది."

"బాగుంది. మీ మానాన మీరు దాచుకున్నారు. మరి నా ఫోను మీద ఎందుకు పడ్డారు? రోజూ దాన్నొక మాట అనందే మీకు అన్నం దిగేది కాదు."

ఆయన చిటికెనవేలు వంక చూసుకున్నారు. "నువ్వు ఒక చేత్తో కూర కలుపుతూ ఒక చేత్తో దాన్ని ఆడిస్తుంటావు. నా ఎదురుగానే, దర్జాగా! నేనేమో బాత్రూములో దాక్కుని వాడుకోవాలి. చూస్తుంటే ఒళ్ళు మండిపోయేది."

"కుళ్ళా?"

"కుళ్ళే."

ఇక ఆపుకోలేకపోయాను. నేను నవ్వితే ఆయనా నవ్వారు. బల్ల కింద నుంచి జగదీశ్ కూడా నవ్వినట్టనిపించింది. ఇంతేనా, దీనికా నేను చెప్పుల జతలు లెక్కపెట్టింది అనుకున్నాను. లేచి ఇద్దరం ఏ చట్నీస్ హోటల్లోనో కాఫీ తాగి ఇంటికెళ్ళిపోవాల్సిన ఘట్టం అది.

కానీ ఆయన నవ్వుతూనే విప్పి ఉన్న నా ఫోను వైపు చూస్తున్నారు. తన ఫోను దొరికిపోయిందన్న బెంగ కాదది. నా ఫోను ఇంకా అక్కడుందన్న బెంగ.

"ఇద్దరం దొరికిపోయాం, సరిపోయింది" అన్నారు. "ఒక పని చేద్దాం. నాది నువ్వు తీసుకో. కొత్త బ్యాటరీ, స్పీకర్ కూడా బాగుచేశాడు. నీది మాత్రం సాయంత్రం ఇచ్చేద్దాం."

రెండేళ్ళు బాత్రూములో దాక్కుని కాపాడుకున్నదాన్ని, అడక్కుండానే నా చేతిలో పెట్టేస్తున్నారు! నా పుట్టినరోజుకి చీర కొనమంటే మూడు షాపులు తిప్పి బ్లౌజు గుడ్డతో సరిపెట్టిన మనిషి.

"మీది మీ దగ్గరే ఉండనివ్వండి. నాది నాకు కావాలి. బాబూ, ఆయన బ్యాటరీ తీసి నాదాంట్లో వెయ్యండి."

జగదీశ్ బల్ల కింద నుంచి లేచాడు. మొహం మారిపోయింది. "గట్ల కాదమ్మా... మీదాంట్ల బోర్డు సుత ఖరాబ్ అయినట్టుంది. బ్యాటరీ ఏసినా లేవది. ఎందుకమ్మా పరేషాన్, కొత్తది తీసుకోండ్రి. పెద్ద ఫోన్లు మస్తుంటయి, కండ్లకు మంచిగ కనబడతది."

"ఇందాక బడి పలకలన్నారు?"

"అన్ననా?" అన్నాడు, మా ఆయన వైపు చూస్తూ.

మా ఆయన గొడుగు వైపు చూస్తున్నారు.

*

అప్పుడే మోగింది. పెద్ద ఫోను కాదు, బల్ల మీద తోకచుక్క. తెర మీద "సుమ" అని పడింది. ఎవరికి తెలియకూడదని దాచానన్నారో ఆ పిల్లే ఈ ఫోనుకి చేస్తోంది! ఆయన చెయ్యి చాపారు గానీ పెద్ద ఫోను అడ్డం వచ్చింది. చిన్న ఫోనులో ఉన్న సుఖం ఏమిటంటే, గుప్పిట మూసి అటు తిరిగిపోవచ్చు. చెవి దగ్గర పెట్టుకున్నాను.

మా ఆయన ఫోనులో ఎవరితో మాట్లాడినా "ఊఁ" తప్ప ఇంకో మాట అనరు. ఇన్నేళ్ళ కాపురంలో నేను ఆయన్నుంచి పూర్తిగా నేర్చుకున్న విద్య అదొక్కటే.

"ఊఁ" అన్నాను, గొంతు బరువు చేసి.

"నాన్నా, అమ్మ ఆ ఫోన్ ఇచ్చేసిందా? సాయంత్రం దాకా ఆగొద్దు నాన్నా, నువ్వే ఏదో చెప్పి లాగేసుకో." సుమశ్రీ గొంతు ఆయాసంగా ఉంది. వెనక చుయ్‌మని ఏదో శబ్దం, ఎవరో "అక్కా, ఇంకొకటి" అంటున్నారు. ఏసీ ఆఫీసులో చుయ్‌మనేది ఏముంటుందో నాకు అంతుపట్టలేదు. "ఇంటర్‌లో ఉన్నప్పుడు నా అకౌంట్ దాంట్లో పెట్టాను కదా. తియ్యడం మర్చిపోయాను. నేను తీసే ఫోటోలన్నీ ఇన్నాళ్ళుగా అమ్మ ఫోన్లోకి వెళ్ళి కూర్చుంటున్నాయట. మొన్న ధాత్రి చూసి చెప్పేదాకా నాకు తెలియనే తెలియదు. స్థలం లేదంటుందని అమ్మ ఫోటోలు తెరవదు కాబట్టి బతికిపోయాం. వింటున్నావా?"

ధాత్రి సుమశ్రీ చిన్ననాటి స్నేహితురాలు. మా ఇంటికొచ్చి నా చేతి కాఫీ తాగి, "ఆంటీ, మీ ఫోన్ ఒక్కసారి ఇవ్వరా" అని తీసుకుని చూసింది కూడా గుర్తుంది.

"ఊఁ."

"సరే నాన్నా, రద్దీగా ఉంది, పెట్టేస్తున్నా."

ఫోను బల్ల మీద పెట్టాను. ఆయన మొహంలో ఇప్పుడు కుళ్ళు లేదు, నవ్వు లేదు.

"ఏమంది?" అన్నారు మెల్లగా.

"రద్దీగా ఉందట."

మెట్ల మీద ఎవరో అమ్మాయి ఇంటర్వ్యూకి ఇంగ్లీషు వల్లె వేస్తూ దిగిపోయింది. నా చేతులు ఖాళీగా ఉండలేక రుమాలు మడత పెట్టాయి, విప్పాయి, మళ్ళీ మడత పెట్టాయి. ఈ ఫోను చిన్నదని కాదు, పాతదని కాదు. దీంట్లో ఏదో ఉంది కాబట్టి ఇది పోవాలి. నా ఫోనులో ఉన్నది నాకు తప్ప అందరికీ తెలుసు. పెద్ద బంగళా కూడా కాదు, మూడు గదుల ఇంట్లో నాకు తెలియకుండా ఏం జరుగుతోంది?

"జగదీశ్" అన్నాను. బాబూ అనలేదు. "బ్యాటరీ."

అతను మా ఆయన్ని చూశాడు. మా ఆయన కాసేపు తన తోకచుక్కని బొటనవేలితో నిమిరారు. ఆ తర్వాత దాన్ని తనే తీసి జగదీశ్ ముందు పెట్టారు.

"వెయ్యి నాయనా. ఎప్పటికైనా తెలియాల్సిందే."

జగదీశ్ భూతద్దం మళ్ళీ తగిలించుకున్నాడు. ఆయన ఫోను మూత తెరిచి బ్యాటరీ తీసి నాదాంట్లో కూర్చోబెట్టాడు. చిన్న స్క్రూ ఒకటి జారిపడితే ముగ్గురం వంగి వెతికాం, ముగ్గురి తలలూ తగిలాయి. అద్దం నొక్కాడు. ఏమీ కాలేదు. బోర్డు నిజంగానే పోయిందేమో అనుకున్నాను. ఆయన మొహంలో ఆశలాంటిది మెరవడం కూడా చూశాను. అంతలో తెర తెల్లగా వెలిగింది.

తాళం తీశాను. ఫోటోల బొమ్మ మీద వేలు పెట్టాను. ముందు అన్నీ బూడిదరంగు గళ్ళే. స్థలం లేదని ఎప్పటిలాగే ఏడ్చింది. ఏడవనిచ్చాను. తర్వాత ఒక్కొక్క గడీ నిండటం మొదలైంది, కిందనుంచి పైకి.

పెనం. పెనం మీద దోసె. ఇంకో దోసె. దోసెల వరస. నా స్టీలు క్యారియర్, మూత తీసి ఉంది, గరిటె మునిగి ఉంది. నా అల్లం పచ్చడే, దాని రంగు నాకు తెలియదా!

ఆ పైన ఫోటో పెద్దది చేశాను. రోడ్డు పక్క ఓ బండి. బండి వెనక నా పాత చున్నీ తలకి కట్టుకుని, నుదుటి మీద చెమటతో, గరిటెతో పిండి తిప్పుతూ సుమశ్రీ. మెడలో ఆఫీసు కార్డు లేదు. పొయ్యి మీట ఏ వైపు తిప్పాలో తెలియని నా కూతురు. ఇంట్లో నేనెప్పుడూ చూడని నవ్వు నవ్వుతోంది. బండికి ఎర్ర రంగు బోర్డు. దాని మీద పసుపు అక్షరాలు.

'ఉదయలక్ష్మి టిఫిన్స్.'

నా పేరు అంత పెద్ద అక్షరాల్లో నేనెప్పుడూ చూడలేదు. పెళ్ళిపత్రికలో కూడా.

మా ఆయన జేబు మీద కొబ్బరి చట్నీ మరక వైపు చూశాను. ఆయన దాని మీద చెయ్యి పెట్టుకున్నారు.

"ఉద్యోగం ఎప్పుడు మానేసింది?" అన్నాను.

ఆయన జవాబిచ్చేలోపు నా బొటనవేలు, అలవాటు కొద్దీ, ఫోటో మూలకి వెళ్ళి ఆగింది. బండి పక్కన వెనక్కి ఒక మనిషి ఉన్నాడు. చొక్కా చేతులు పైకి మడుచుకుని, ముక్కాలిపీట మీద కూర్చుని, ఉల్లిపాయలు తరుగుతూ, కళ్ళనీళ్ళతో సుమశ్రీ వైపు చూసి నవ్వుతున్నాడు. నుదుటి మీద భూతద్దం ఉంది.

తలెత్తాను. జగదీశ్ ఎక్కడా లేని స్క్రూని బిగిస్తున్నాడు.

అదే సమయానికి అతని చిన్న ఫోను బల్ల మీద గిరగిరా తిరిగింది. చూడకూడదనుకుంటూనే చూశాడు. మా ఆయన వైపు తిరిగాడు, ఆయన తల అడ్డంగా ఊపారు. ఇంక దాచి లాభం లేదనుకున్నాడేమో, నా వైపు తిరిగాడు.

"అమ్మా... పచ్చడి అయిపోయిందట. ఇంట్ల ఇంకింత ఉన్నదేమో అడుగుమంటుంది సుమ."

సుమ. గారు లేదు, మేడం లేదు. ఉత్తి సుమ.